బొగ్గుపులుసు

తొమ్మిదో తరగతిలో వరహాలు టీచరు
బోర్డు మీద రాసింది: బొగ్గుపులుసు వాయువు.
వెనక బెంచీలో మేం నవ్వాం,
ఈ పులుసులో బెండకాయ వేస్తారా, ములక్కాడా అని.
జ్ఞానాపురంలో మా ఇంటికి బొగ్గు కొత్త కాదు.
గాలి పోర్టు వైపు నుంచి మళ్లిన రోజు
ఆరేసిన స్కూలు చొక్కా మీద,
మూత మరిచిన అన్నం గిన్నెలో,
ఎంత తోమినా నాన్న చెవి మడతలో.
పులుసు ఎక్కడుందో తెలియడానికి మాత్రం
పదిహేనేళ్లు పట్టింది.

ఇప్పుడు నాది కాంట్రాక్టు ఉద్యోగం.
యూనివర్సిటీ వాళ్ల మెషీన్ భుజాన వేసుకుని
ఆకుల ఊపిరి లెక్క రాస్తాను.
ఆకును గాజు అరలో బిగించి, గొట్టంలో గాలి పంపి
పోయిందెంత, తిరిగొచ్చిందెంత.
ఆ తేడాయే దాని తిండి.
చేరిన రోజు చెప్పింది ఒక్కటే నియమం:
గొట్టం మూతి దగ్గర ఊపిరి వదలకు,
నీ బొగ్గు ఆకు ఖాతాలో పడిపోతుంది.

సింహాచలం కొండ వాలు. పనస చెట్ల కింద అనాస తోట.
తెల్లవారుజాము నాలుగు. అసిరమ్మ టార్చి పట్టుకుంది.
అనాస పగలు తలుపులు మూసుకుంటుంది,
ఎండ తన నీళ్లు తాగేస్తుందని.
చీకటి పడ్డాక తీసి, గాలిలో బొగ్గును పట్టి
పులుపు చేసి దాస్తుంది.
పొద్దెక్కాక తలుపు వేసుకుని, ఆ పులుపు విప్పి
వెలుతురు మంట మీద తీపి వండుకుంటుంది.
నేనిదంతా చెబుతుంటే అసిరమ్మ
ఆకు మొదలు విరిచి నా నోట్లో పెట్టింది.
"నమలు. ఇప్పుడు పుల్లగుంటాది.
ఇదే ఆకు సందేల సప్పగుంటాది.
మాయమ్మ సిన్నప్పుడే సెప్పీసింది నాకు.
దీనికి ఇంత పెట్టె ఏటికే గుంటా?"

ఒక్క క్షణం ఆగి, టార్చి కిందికి దించి,
"మరి ఈ ఏడు పులుపు తగ్గిందేటి?"

పెట్టెకి తెలుసు. చెప్పలేకపోయింది నేనే.
వైశాఖం మొత్తం రాత్రి వేడి
ఇరవై ఎనిమిది నుంచి కిందికి దిగలేదు.
ఉక్కలో ఆకు దాచుకునేది తక్కువ,
దాచిందాంట్లో కొంత తనే ఊదేసుకుంటుంది,
నిద్ర పట్టనివాడు లేచి
రేపటి చిల్లర బీడీలకి తగలేసినట్టు.

ప్రతి ఆకులోనూ ఒక హమాలీ ఉంటాడు. పేరు రుబిస్కో.
సెకనుకి మూడు మూటలు, అంతే. అంత నిదానం.
అందుకే ఆకు కోట్ల మందిని పెట్టుకుంటుంది.
ఎండ ముదిరితే వాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి,
బొగ్గనుకుని ప్రాణవాయువు ఎత్తుకుంటాడు.
ఆ తప్పు దిద్దడానికి మళ్లీ కూలి,
కట్టిన మూటలోంచే మళ్లీ ఇంత బొగ్గు గాలికి.
నాన్నని మేస్త్రీ తిట్టిన తిట్లు నాకింకా గుర్తే.
వీణ్ని తిట్టబుద్ధి కాదు.
మనం తిన్న ప్రతి ముద్దా వాడి వీపు మీంచే దిగింది.

పదకొండింటికి జ్ఞానాపురం, రైలు గోడ పక్క కానుగ చెట్టు.
ఆకు నల్లగా ఉంది, చంటిబిడ్డ అరికాలి కాటుకలా కాదు,
పెనం అడుగులా.
బిగించాను. నాలుగు.
తడిగుడ్డతో తుడిచి మళ్లీ బిగించాను. పదకొండు.
పక్కనుంచి వెళ్తున్న ముసలాయన అడిగాడు,
"ఏటమ్మా, సెట్టుకి పెళ్లిసూపులా?"
ఇంకో ఆకు తుడిచాను. ఇంకోటి.
రాసుకోవాల్సినవి కావు అవి.
నాన్న మెడ తుడిచిన చెయ్యి, అలవాటు పోలేదు.
పోర్టు వైపు నుంచి గాలి మళ్లే ఉంది.

అప్పుడే నియమం తప్పాను.
అలసటో, ఏమో, గొట్టం మూతి దగ్గరే
పెద్ద నిట్టూర్పు జారింది.
తెర మీద అంకె ఎగిరిపడింది.
ఆ వరుస చెల్లదు, పుస్తకంలో అడ్డగీత పెట్టాలి.

అంకెను నేను కొట్టేశాను.
ఊపిరిని ఆకు కొట్టేసింది.